మూత లోపల చెక్కిన నంబరు

నా నోరు మంచిది కాదు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. నేనే ముందు చెప్పేస్తే మీకు అడిగే శ్రమ తప్పుతుంది. బస్టాండు ఎదురుగా చెక్క బంకులో గాజులమ్ముతాను. చేతికి గాజు ఎక్కిస్తుంటే "అబ్బా" అన్న ఆడదాన్ని "చెయ్యి మెత్తగా పెట్టు, పగిలితే నీ మొగుడిస్తాడా దుడ్లు?" అని కసిరి, వెంటనే ఆ చెయ్యి నిమిరి రెండు గాజులు కొసరు వేస్తాను. కసురు అందరికీ గుర్తుంటుంది. కొసరు ఒక్కరికీ గుర్తుండదు.

నా భర్త బుడేన్ దీనికి పూర్తిగా ఎదురు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకోవాలి. నంద్యాలలో ఒక స్టీలు సామాన్ల అంగడి ముందు స్టూలు వేసుకుని కొత్త గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. చిన్న కరెంటు మిషను, పెన్నులా పట్టుకుంటే బుర్రుమంటుంది. బిందెలు, పళ్లాలు, చెంబులు కొన్నవాళ్లు పేరూ ఊరూ తారీఖూ చెబితే ఆయన రాసేవాడు. అవుకు నుంచి ఉయ్యాలవాడ దాకా ఆయన చేతిరాత లేని వంటిల్లు తక్కువ. పొద్దున ఏడింటి బస్సుకు పోయేవాడు, దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చేవాడు. మాకు పిల్లలు లేరు. ఉన్నది మేమిద్దరమే.

అన్ని వేల పేర్లు తప్పు లేకుండా చెక్కిన మనిషి ఒక్క పేరు తప్పు చెక్కాడు. నాది. కొత్త క్యారియర్ కొన్న రోజు మూత లోపలి వైపు 'సర్దార్‌బీ, ఆళ్లగడ్డ' అని రాయబోయి 'సరదాబీ, ఆళ్లగడ్డ' అని రాశాడు. స్టీలు మీద గీత పడితే పడిందే, తుడిచేయడానికి అది పలక కాదు.

"పెండ్లాం పేరు రాయను చాతగాదు గానీ ఊరోళ్ల పేర్లన్నీ రాస్తాండావా? సరదా ఎవురికి, నాకా నీకా?" అని రెండు రోజులు ఉతికాను. ఆయన నవ్వాడే తప్ప నోరు విప్పలేదు. ఆ తప్పు పేరు మూత లోపలే ఉండిపోయింది, మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆయనకు నేను 'సర్దారూ'ను. చివర కాస్త సాగదీసి, పైకి లేపి పిలిచేవాడు. ఆ పిలుపు కోసమే ఒక్కోసారి మొదటిసారి వినబడనట్టు ఊరుకునేదాన్ని.

రెండువేల నాలుగు మొదట్లో, ఆయన పనిచేసే వీధిలోని బ్యాంకులో ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరిచాం. అప్పుడే వాళ్లు ఏటీఎం పెట్టారు. కార్డు ఆయన పేరు మీద ఒకటే తీసుకున్నాం. కార్డుల పని చూసే ఆఫీసరు పరంజ్యోతి మేడమ్ నంద్యాల మనిషే. నా ఈడుది. నోరు కూడా నాకేమీ తీసిపోదు, అందుకే మా ఇద్దరికీ కుదిరింది. నంబరున్న కవరు ఆయన చేతికిస్తూ వేలు చూపించి మరీ చెప్పింది.

"బుడేనన్నా, బాగ విను. ఈ నాలుగంకెలు ఎవురికీ చెప్పొద్దు. నాకు గూడ చెప్పొద్దు. కార్డు మింద రాయొద్దు, కాయితం మింద రాసి జోబీలో పెట్టుకోవద్దు. మిషన్ కాడ ఎవురన్నా సాయం చేస్తామంటే కార్డు వాళ్ల చేతికీయొద్దు."

ఆయన బుద్ధిగా తల ఊపాడు. కార్డు మీద రాయలేదు. కాగితం మీద రాయలేదు. ఏప్రిల్‌లో ఒక పొద్దున నేను క్యారియర్ తోముతూ చూస్తే, మూత లోపల నా తప్పు పేరు కింద నాలుగంకెలు కొత్తగా మెరుస్తున్నాయి.

ముందు రోజు మిషను దగ్గర నంబరు మర్చిపోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడట. అందుకని చెక్కుకున్నాడట. బతుకంతా, మరిచిపోకూడనిది ఏదైనా స్టీలు మీద చెక్కడమే ఎరిగిన మనిషి. "చూసినోడు తారీఖనుకుంటాడులే సర్దారూ" అన్నాడు. కార్డేమో ఆ క్యారియర్ సంచిలోనే పెట్టుకుంటాడు. ఇంటి తాళం, తాళంచెవి ఒకే మేకుకు తగిలించినట్టుంది ఆయన తెలివి. నాకు ఒళ్లు మండింది.

"చదువుకున్న మేడమ్ అంతగనం చెప్తే నీ చెవికెక్కలేదే! ఆ డబ్బా, ఆ కార్డు నెత్తిన పెట్టుకోని యాడికన్నా పో. మళ్లీ ఈ గడప తొక్కొద్దు."

ఇలాంటి మాటలు మా ఇంట్లో వారానికి రెండుసార్లు లేచేవి, సాయంత్రానికి అణిగేవి. ఆ రోజు క్యారియర్‌లో అన్నం, శనగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టాను. ఊరిబిండిలోకి ఆయనకు నెయ్యి ఉండాలి. కోపం కొద్దీ నెయ్యి వేయలేదు. ఆయన అది చూశాడు. "పోతాండా సర్దారూ" అన్నాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను.

సాయంత్రం ఆయన రాలేదు.

మర్నాడు స్టీలు అంగడికి ఫోన్ చేస్తే, మధ్యాహ్నానికే పని కట్టేసి, గుత్తిలో ఉన్న అక్క దగ్గరికి పోయొస్తానని రైల్వే స్టేషన్‌కు వెళ్లాడన్నారు. అలిగాడు, నాలుగు రోజులు అక్క చేతి వంట తింటే నా విలువ తెలుస్తుందిలే అనుకున్నాను. అయిదో రోజు గుత్తికి ఫోన్ చేశాను. అక్కడికి రానేలేదట. బస్సెక్కి నంద్యాలలో దిగాను. పోలీసు స్టేషన్‌కు పోదామని బయల్దేరి, దారిలో బ్యాంకు కనబడితే మేడమ్‌కు చెప్పిపోదామని లోపలికి పోయాను.

మేడమ్ నా పాస్‌బుక్కు తీసుకుని మిషన్‌లో పెట్టింది. అది గరగరమని ఒక వరస కొట్టింది. మేడమ్ మొహం వెలిగిపోయింది.

"ఉండాడు సర్దార్‌బీ! నిన్ననే డోన్‌లో అయిదొందలు తీసినాడు, ఇదో చూడు!"

బ్యాంకులో అందరి ముందూ ఆమెను వాటేసుకున్నాను. పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కలేదు. ఎందుకెక్కాలి? మనిషి బతికున్నాడు. నా మీద కోపంతో ఉన్నాడు. కోపమైతే తగ్గుతుంది కదా.

గుత్తి రైలు దారిలోనే ఉన్న డోన్‌కు రెండుసార్లు పోయి స్టీలు అంగళ్లన్నీ తిరిగాను. ఎవరూ ఎరగమన్నారు. నేను వస్తున్నానని తెలిసి తప్పుకుంటున్నాడనుకున్నాను. గడప తొక్కొద్దన్నది నేనే. ఆయనేమీ తప్పు చేయడం లేదు, నా మాట వింటున్నాడు. పెళ్లైన ఇరవై ఏళ్లలో నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

అప్పటినుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున బంకు మూసి నంద్యాల పోయేదాన్ని. గాజుల మీద మిగిలింది ఖాతాలో వేసి, పాస్‌బుక్కు కొట్టించుకునేదాన్ని. నేను వేసిన రెండు రోజులకు డోన్‌లో తీసిన వరస ఒకటి ఉండేది. నేను వేస్తాను, ఆయన తీస్తాడు. మా ఇద్దరి మధ్య మిగిలిన మాటలు అవే. తక్కువ తీస్తే ఒంట్లో బాగాలేదేమో అని దిగులు. ఎక్కువ తీస్తే ఇల్లు మారాడేమో అని ఆలోచన. ఒక రంజానుకు కొత్త గుడ్డలకని వెయ్యి ఎక్కువ వేశాను. పండగకు రెండు రోజుల ముందు ఆ వెయ్యీ తీసుకున్నాడు. ఆ నెల గాజులకొచ్చిన ప్రతి ఆడదానితోనూ "మా ఆయన కొత్త గుడ్డలు తీసుకున్నాడు" అని చెప్పాను. ఆ వారం ఎవరినీ కసరలేదు.

పాస్‌బుక్కును పరుపు కింద పెట్టుకునేదాన్ని. ఏ మధ్యాహ్నమో బంకులో గిరాకీ లేనప్పుడు ఆయన గొంతు గుర్తుకు తెచ్చుకోవాలని చూసేదాన్ని. మొదటి ఏడాది వెంటనే వచ్చేది. రెండో ఏడాది కళ్లు మూసుకుంటే వచ్చేది. మూడో ఏడాదికి 'సర్దారూ' అన్న మాట ఉంది గానీ చివర సాగదీసే తీరు సరిగ్గా కుదిరేది కాదు. నాకు నేనే పిలుచుకుని చూసుకునేదాన్ని, పిచ్చిదాన్లా.

మేడమ్‌కు మాత్రం అనుమానం పుట్టింది. ఒకసారి నన్ను కౌంటర్ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. ఇది మొగుడు తీసినట్టు లేదు. నువ్వేసిన రెండో రోజుకే ఊడ్చుకోని పోతాండాడు. కార్డు యా దొంగ చేతిలోనన్నా పడిందేమో. ఆపేస్తాం. నిజంగా ఆయనే అయితే, కార్డు పన్జేయడంల్యా అని ఈడికన్నా వస్తాడు, ఇంటికన్నా వస్తాడు."

"రాకపోతే?"

"రాకపోతే దొంగని తెలుస్తాది."

"ఒకసారి గడప తొక్కొద్దంటి మేడమ్. ఇప్పుడు కార్డు ఆపితే రెండోసారి తరిమినట్టే. ఆయన పస్తుంటాడు. ఆపొద్దు."

ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదనుకునేరు. అర్థమైంది. తీసేది దొంగైతే మరి ఆయన ఎక్కడ? ఈ ప్రశ్న నా దగ్గరికి రోజూ వచ్చేది. రోజూ తలుపు వేసేదాన్ని. డబ్బు పోతే పోనీ, ఆ వరస పడుతుంటే చాలు.

రెండువేల ఏడు మార్చి నెలతో ఆ కార్డు గడువు అయిపోయింది. కొత్త కార్డు రిజిస్టర్ పోస్టులో మా ఇంటికే వచ్చింది. వారం తర్వాత కొత్త నంబరున్న కవరు వేరేగా వచ్చింది. నేను ఆ రెండింటినీ పట్టుకుని పోస్ట్‌మన్‌కు పదిరూపాయలిచ్చాను. ఎందుకంటే ఇక ఆయన రాక తప్పదు. ఇంటికి సున్నం కొట్టించాను. పాత సెల్‌ఫోను ఒకటి కొన్నాను. నంద్యాల బస్సు ఆగిన ప్రతిసారీ గాజులు వదిలేసి, దిగేవాళ్ల మొహాలు చూశాను.

మేడమ్ మళ్లీ జాగ్రత్తలు చెప్పింది. "నంబరు లేకుంటే కార్డు ఉత్త రేకు. కార్డు పోయినా ఏం కాదు, నంబరు చెప్తేనే కొంప మునుగుతాది. బ్యాంకు నుంచి మాట్లాడతాండామని ఎవురన్నా ఫోన్ చేసినా చెప్పొద్దు. మీ ఆయనకు తప్ప ఇంగెవురికీ చెప్పొద్దు." నేను కవరు చించి, ఆ నాలుగంకెలు బట్టీపట్టి, కాగితం పొయ్యిలో వేశాను. ఆయన కంటే నేను నయం.

ఏప్రిల్ రెండో వారంలో, ఎండ బాగా ముదిరిన వేళ, ఒకతను బంకు ముందుకొచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి, బక్క మనిషి, భుజాన తువ్వాలు.

"గిన్నెల మింద పేర్లు రాసే బుడేన్ ఇల్లు యాడక్కా?"

జవాబు చెప్పే ముందే అతని చేతిలో ఉన్నది చూశాను. మా క్యారియర్. నా చేతిలోని గాజుల తోరణం జారి నేలమీద పడింది.

"ఇల్లేందీ, పెండ్లాన్ని నేనే. ఆయన యాడ?"

"డోన్‌లో ఉండాడక్కా. బాగుండాడు. నా పేరు శాంతయ్య, ఆయనకు తెల్సినోన్ని. పాత కార్డు పన్జేయడంల్యా. కొత్తది ఇంటికొచ్చింటాదని మిషన్ కాడ వాచ్‌మన్ చెప్పె. తెమ్మని పంపినాడు. గురుతుగా ఇదిచ్చినాడు."

క్యారియర్ లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. సొట్టలు పడి ఉంది, అయినా మాదే. శాంతయ్యను ఇంటికి తీసుకుపోయి నీళ్లిచ్చి, ఊపిరి తీసుకోనీయకుండా అడిగాను. చిక్కినాడా? తల నెరిసిందా? ఎవరు వండిపెడతారు? అతను నేల చూస్తూ అన్నిటికీ "ఆ, బాగుండాడక్కా" అన్నాడు. బిడియస్తుడనుకున్నాను.

"నా మింద కోపం తగ్గలేదా?"

"తగ్గిందక్కా. సిగ్గు... అందుకే రాలా."

నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆయన గురించి ఆ మాట ఎవరు చెప్పినా నమ్మేదాన్ని. నమ్మాలని మూడేళ్లుగా కాచుకుని కూర్చున్నదాన్ని కదా.

పలావు వండాను. ఊరిబిండి రోట్లో నూరాను. శాంతయ్యను కూర్చోబెట్టి అడిగి అడిగి మూడుసార్లు వడ్డించాను. తర్వాత క్యారియర్ గిన్నెలు వేడినీళ్లతో కడిగి, నిండా సర్ది, ఊరిబిండి గిన్నెలో నెయ్యి గరిటెతో పోశాను. "ఇది ఆయనకు ఈ రోజే ఈయాల" అని రెండుసార్లు చెప్పాను. కార్డు కూడా ఇచ్చాను.

"నంబరో?" అన్నాడు శాంతయ్య.

"నంబరు ఆయనే అడగాల. ఇదో, నా సెల్లు నంబరు. ఫోన్ చేసి ఒక్క మాట మాట్లాడమను, చెప్తా."

"నాకు చెప్తే నేను చెప్తా గదక్కా. ఆయప్ప మొగమాట పడతాడు."

"నా పానం అడుగు, ఇస్తా. ఆ నాలుగంకెలు ఈయను. దుడ్లు పోతాయని గాదన్నా. వాటికోసమన్నా ఆయన నాతో మాట్లాడాల గదా. నా కాడ ఇంగేముండాది ఆయన్ను మాట్లాడించేకి?"

శాంతయ్య క్యారియర్ పట్టుకుని బస్టాండుకు పోయాడు.

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగింది. ఒక ముసలామె చేతికి గాజులెక్కిస్తున్నాను. ఆమె చెయ్యి వదిలేసి ఫోనెత్తాను.

"హలో... నేనే."

బొంగురు గొంతు, గుసగుసలా ఉంది. రెండు చేతులా ఫోను చెవికి నొక్కుకున్నాను.

"జలుబు చేసింది. నంబరు చెప్పు, బేగా. బిళ్ల ఫోను, రూపాయి అయిపోతాది."

క్షమించమని అడగాలనుకున్నాను. రమ్మని పిలవాలనుకున్నాను. మూడేళ్లు మూటగట్టిన మాటలన్నీ ఎటుపోయాయో, నోటికి వచ్చింది ఇదొక్కటే.

"ఏమయ్యా, అన్నం తింటివా?"

"తింటి. నెయ్యి బాగేసినావు. నంబరు చెప్పు సరదాబీ."

మొదటి అంకె నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

"నా పేరు ఇంగోసారి పిలువు" అన్నాను.

"ఏందీ?"

"నా పేరు. పిలువు."

"సరదాబీ. సరదాబీ. చాలా?"

ఆ పేరు ఈ లోకంలో ఒకే ఒక్క చోట ఉంది, ఆ మూత లోపల. దాన్ని చదివినవాడే అలా పిలుస్తాడు. నన్ను ఎరిగినవాడు పిలవడు. ఎవరో తెలిసిపోయింది. ఆ బొంగురు కింద శాంతయ్య గొంతు కూడా వినబడింది. తెలిసి కూడా ఫోను ఇంకా గట్టిగా చెవికి నొక్కుకున్నాను. అబద్ధమైనా సరే, ఆ గొంతు ఆయనలాగే ఇంకో రెండు మాటలు మాట్లాడితే బాగుండుననిపించింది. ఇంత సిగ్గులేని ఆశ నాలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"శాంతయ్యన్నా" అన్నాను. "నిన్న నా ఇంట్లో కూసోని తింటివి. నా ఉప్పు తింటివి. నిన్నేమీ అనను. ఆయన యాడుండాడో నిజం చెప్పు. చెప్తే నంబరు చెప్తా. ఉండే దుడ్లన్నీ నువ్వే తీసుకో."

డబ్బులు అయిపోతున్నాయని ఫోను కూసింది. తెగిపోతుందనుకున్నాను. టక్కుమని రూపాయి బిళ్ల పడిన చప్పుడైంది.

"అక్కా" అన్నాడు, ఈసారి తన సొంత గొంతుతో. "నేను డోన్ రైల్వే స్టేషన్లో మూటలు మోస్తా. మూడేండ్ల కింద, ఇట్లే ఎండకాలం. బెంచీ మింద కూసోనుండె. ఎద పట్టుకోని నీళ్లడిగె. నేను తెచ్చేతలికి పానం పోయింది. నేనేం చేయలేదక్కా, మా పిల్లోల్ల మింద ఒట్టు. సంచి మాత్రం తీసుకుంటి. కార్డుండె. పేర్లు రాసే మిషనుండె. డబ్బా తెరిస్తే మూతలో నంబరుండె."

"ఏమన్నా అన్యాడా?"

"నీళ్లన్యాడు, అంతే."

"అన్నం తినింటివా ఆయన?" అని తప్పుగా అడిగి, సర్దుకుని, "తిన్యాడా?" అన్నాను.

"లేదక్కా. డబ్బా నిండా అన్నం అట్లే ఉండె." ఇంకో బిళ్ల పడింది. "పోలీసోళ్లొచ్చి పేరేందని అడిగిరి. తెల్దంటి. పేరు కార్డు మింద ఉండె, కార్డు నా జోబీలో ఉండె. ఎవురూ లేనోళ్లను పూడ్చే కాడ పూడ్చిరి. దుడ్లు పడతాండె గదా, తీస్తాంటి. ఎవురేస్తాండారో ఆలోచన చేయలా. నిన్న అన్నం పెట్టినాక... బస్సులో ఆ డబ్బా తెరవలేకపోతినక్కా. మళ్లా ఆకలైతే తింటి."

అతను ఏడుస్తున్నాడో ఏమో తెలియదు. నేను ఏడవలేదు. మాట ఇచ్చాను కాబట్టి నాలుగంకెలూ ఒక్కొక్కటిగా చెప్పాను. అతను విన్నాడో, అప్పటికే రూపాయి అయిపోయిందో. ఫోను తెగిపోయింది. ముసలామె చెయ్యి చాపుకుని అట్లాగే కూర్చుని ఉంది. మిగిలిన గాజులు ఎక్కించాను.

మర్నాడు డోన్ పోయాను. పోలీసు స్టేషన్‌లో పాత కాగితాలు తిరగేసి చూపించారు. 'గుర్తు తెలియని మగమనిషి, వయసు సుమారు నలభై అయిదు.' ఒక చిన్న ఫొటో అంటించి ఉంది. ఆయనే. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. పూడ్చిన జాగాలో ఎటుచూసినా మట్టి దిబ్బలే, ఏది ఆయనదో చెప్పేవాళ్లు లేరు. అన్నిటికీ కలిపి ఒకసారి ఫాతిహా చదివించాను.

తిరుగు బస్సులో కూర్చున్నాక అప్పుడు తెలిసింది నాకు ఏం పోయిందో. ఆ రోజు పాస్‌బుక్కులో ఆ వరస పడకపోయి ఉంటే నేను స్టేషన్ మెట్లు ఎక్కేదాన్ని. వారంలో ఈ ఫొటో నా ముందుకొచ్చేది. మట్టి ఇంకా పచ్చిగా ఉండేది, ఏది ఆయనదో ఎవరో ఒకరు చూపించేవాళ్లు. శాంతయ్య తీసింది నా గాజుల డబ్బులు కాదు. ఆయన్ను వెతకాలన్న తలంపే నాలోంచి తీసేశాడు. నెలకోసారి డోన్‌లో బతికించి చూపించాడు, నేను సంతోషంగా కూలి ఇచ్చాను. కోపం రావాలి. శాంతయ్య మీద రాలేదు. ఊరందరి మీదా లేచే కోపం ఆ పొద్దున నేను నెయ్యి వేయని గిన్నె దగ్గరే ఆగిపోయి ఉంది.

నంద్యాలలో దిగి బ్యాంకుకు పోయాను. లైన్‌లో జనం ఉన్నారు. నన్ను చూసి మేడమ్ లోపలికి రమ్మంది.

"కార్డు ఆపు మేడమ్" అన్నాను.

"ఇప్పుడొచ్చె బుద్ధి! కార్డు యాడుండాది?"

"వేరేవాళ్ల చేతిలో."

"నంబరు చెప్పినావా?"

"చెప్పినా."

మేడమ్ తల కొట్టుకుంది. "ఎన్నిసార్లు చెప్పింటి సర్దార్‌బీ! మీ ఆయనకు తప్ప ఎవురికీ చెప్పొద్దని చిలక్కు చెప్పినట్టు చెప్తినే! ఇంగెవురికి చెప్పినావు?"

"ఆయన లేడు మేడమ్. ఆ దినమే ల్యాకపాయె. ఆ అయిదొందలు తీసినప్పటికే లేడు."

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. 'ఉండాడు సర్దార్‌బీ' అని ఆ రోజు సంబరంగా చెప్పింది తనే. అది ఆమెకూ గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసింది. కంప్యూటర్ వైపు తిరిగింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. చాలాసేపు ఏవేవో నొక్కింది.

"ఏమీ తీయలేదు" అంది ఆఖరికి. "రూపాయి గూడ పోలేదు. నంబరు తెల్సినా తీయలేదు వాడెవడో. కార్డు ఆపేసినా. భయం లేదు సర్దార్‌బీ, ఇంగ ఈ దుడ్లు ఎవురూ తీయరు."

ధైర్యం చెప్పాలనే అంది పాపం. నాకు 'ఎవురూ తీయరు' అన్న ఆ మాట ఒక్కటే వినబడింది. డోన్‌లో రాని ఏడుపు, దిబ్బల దగ్గర రాని ఏడుపు అప్పుడొచ్చింది. కౌంటరు చెక్క రెండు చేతులా పట్టుకుని, నాకున్న గొంతంతా పెట్టి ఏడ్చాను.

లైన్‌లో ఉన్నవాళ్లు తొంగి చూశారు.

"ఏమాయెనంటప్పా, దుడ్లు పోయినాయంటనా పాపం?" అని ఎవరో అడిగారు.

"ల్యాప్పా" అన్నాడు ముందున్నతను. "అన్నీ ఉండాయంట."